గుమ్మం గదిలో పైజోళ్ళు

భూమి విదియ

ఎడమకాలి చిటికెన వేలు ఇవాళ కూడా మొద్దుబారింది. ఆఫీసు రికార్డులో మాత్రం "నడక బాగానే జరిగింది" అని చెప్పేసి వచ్చాను. అసలు సంగతి ఈ పెట్టెకి చెప్పుకుంటున్నాను. ఇది నా సొంతం. నేను వాగుతుంటే అదే రాసుకుంటుంది. దీనికి చెవులున్నాయి గానీ చాడీలు మోసే నోరు లేదు. నోరున్నవాళ్ళని నమ్మడం నేనెప్పుడో మానేశాను.

నా పేరు నూకరత్నం. రేపు నాకేమైనా అయితే ఎవరో ఒకరు దీన్ని వింటారు కదా, అందుకని పేరు కూడా చెప్పి ఉంచుతున్నాను. చంద్రుడి అడుగున, దక్షిణ ధ్రువం దగ్గర, గట్టు స్టేషన్లో ఉంటాను. గట్టు దిగువన ఉన్న గోతిలోకి దిగి మంచు తవ్వడం నా పని. సూర్యుడు పుట్టాక ఆ గోతిలో ఒక్కనాడూ ఎండ పడలేదట. అక్కడ ఒట్టి సూటు బూటుతో నిలబడితే పాదం కట్టెముక్క అయిపోతుంది. అందుకే బూటు మీద పైజోళ్ళు తొడుక్కుంటాం. మందపాటి సోలు, దాని లోపల పొరలు పొరలుగా గుడ్డ, పైన ఉక్కు నేత. ఈ లోకంలో నేను నమ్మే వస్తువు ఏదైనా ఉందంటే అదే.

తిథులు ఇక్కడ భూమిని చూసి చెప్పుకుంటాం. చంద్రుణ్ణి చూసి చెబుదామంటే ఆయన నెత్తి మీదే కూర్చున్నాం కదా!

వేలు నల్లబడిందంటే డాక్టరమ్మ ఒక్క మాట వినదు, తర్వాతి రాకెట్టులో కిందికి పంపేస్తుంది. మిగతావాళ్ళకి కింద అంటే ఇల్లు. నాకు కింద అంటే చేతికర్ర. పదేళ్ళ పిల్లనప్పుడు లారీ గుద్ది నా కుడి మోకాలు నుజ్జయింది. భూమ్మీద ఉన్నన్నాళ్ళూ కర్ర లేకుండా వీధి చివరిదాకా పోయి ఎరగను. ఇక్కడ ఒంటి బరువు ఆరో వంతుకి పడిపోయింది. వచ్చిన రోజే కర్ర మూలన పడేసి నడవాలో గెంతాలో తెలీక ఏడ్చాను. ఈ నడక వదులుకుని నేను కిందికి పోను గాక పోను.

ఇంతకీ వేలు ఎప్పట్నుంచి చల్లబడుతోందో చెప్పనా? లోవరాజు వచ్చిన దగ్గర్నుంచి. తుని వైపు కుర్రాడు, ముప్ఫై ఉంటాయేమో. పోయిన రాకెట్టులో దిగాడు. నా దగ్గర పని నేర్చుకోవడానికట. నేర్చుకున్నాక ఆ పని ఎవరు చేస్తారు, నేర్పినదాన్ని ఏం చేస్తారు అని అడిగితే మాత్రం ఇన్‌ఛార్జి ఫణీంద్ర గారు నవ్వి ఊరుకుంటారు. నా కూటికి ఎసరు పెట్టడానికి వచ్చినవాడికి నేనే గరిటె అందించాలన్నమాట.

భూమి చవితి

ఇవాళ గోతిలో పని మధ్యలో రెండుసార్లు కాలు విదిలించుకోవాల్సి వచ్చింది. అది లోవరాజు చూశాడు. చూడకుండా ఉంటాడా, కళ్ళన్నీ నా మీదే కదా.

"ఏంటక్కా, కాలు లాగుతోందా?" అని చెవిలో వినిపించింది.

"నా కాలు సంగతి నీకెందుకు? నువ్వు తట్ట నింపు" అన్నాను.

"వయసు వచ్చిందని కాళ్ళే ముందు చెబుతాయంట. మా నాన్న అనేవాడు" అని నవ్వాడు.

సరదాకి అన్నాడట. నాకేమీ సరదాగా అనిపించలేదు. పైకి వచ్చాక గుమ్మం గదిలో పైజోళ్ళు విప్పి సోలు చూశాను. ఎడమదాని అంచున వెంట్రుక మందాన పగులు కనిపించింది. కొత్త జత తొడిగి ఎన్నాళ్ళయిందని? పాత జత దీనికి నాలుగింతలు కాలం వచ్చింది.

బయటికీ లోపలికీ మధ్య ఉన్న ఈ గుమ్మం గది సంగతి చెప్పాలి. గోతిలోంచి రాగానే పైజోళ్ళని అక్కడ అరమీద బోర్లా పెట్టాలి, సోలు పైకి వచ్చేలా. మీద వేడి దీపం వెలుగుతుంది. సోలు పొరల్లో ఇరుక్కున్న మంచు కరిగి, ఆవిరై పోవాలి. దీపం ఆరాక గంట మోగుతుంది. అప్పుడు ఎవరు ముందు చూస్తే వాళ్ళు, మావీ బండి నడిపేవాళ్ళవీ, అందరి జోళ్ళూ తిప్పి గూళ్ళలో సర్దేస్తారు. దీపం వెలుగుతున్నంతసేపూ నడిచొచ్చిన మేం డాక్టరమ్మ గదిలో పడుకోవాలి. ఆవిడ గుండె చూస్తుంది, వేళ్ళు చూస్తుంది. చిటికెన వేలు పక్కవేలి కింద దాచిపెట్టి ఎలాగో గట్టెక్కాను.

కుర్రాడి గుండె గుర్రంలా ఉందని లోవరాజుని నాకంటే ముందు వదిలేసింది. నేను ఇంకా మంచం మీదే ఉన్నాను. వీడు అంతసేపూ ఎక్కడ తిరిగాడో ఎవరికి తెలుసు?

భూమి షష్ఠి

అనుమానం ఊరికే రాదు. నాకు అనుమానం జాస్తి అని స్టేషనంతా అంటుంది. అననీ. ఇవాళ దిగే ముందు ఎడమ జోడు సోలు మీద బొటనవేలితో గట్టిగా నొక్కాను. పగులులోంచి నీటిబొట్టు ఉబికింది!

దీపం కింద ఆరిన సోలులో నీళ్ళెక్కడివి? ఎవరో గంట మోగకముందే నా జోళ్ళు తిప్పేస్తున్నారు. వేడి పైభాగానికి తగులుతోంది, సోలు తడిగానే ఉండిపోతోంది. ఆ తడితో గోతిలోకి దిగితే లోపల నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పొరల్ని విడదీస్తుంది. మళ్ళీ వస్తాను, కరుగుతుంది, మళ్ళీ దిగుతాను, గడ్డకడుతుంది. ఎంత నాజూకైన పని! కత్తి అక్కర్లేదు, మందు అక్కర్లేదు. జోడు తిప్పి పెడితే చాలు, నూకరత్నం కుంటుకుంటూ భూమికి పోతుంది.

ఆ కిటుకు తెలియాలంటే సోలు సంగతి తెలిసినవాడై ఉండాలి. సోలు సంగతి వాడికి నేర్పింది ఎవరు? నేనే. నా నోటికి తాళం వెయ్యాలి.

స్టోరులో కొత్త జత అడిగితే రాకెట్టు వచ్చేదాకా లేవన్నారు. బంక పెట్టి పగులు పూడ్చాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర లోవరాజు తన జోడు ఒకటి పట్టుకొచ్చాడు. "అక్కా, ఇది చూడు. నా ఎడమది కూడా అంచున కొంచెం విచ్చినట్టుంది. ఈ సరుకే మంచిది కాదేమో" అన్నాడు.

అబ్బో, ఏం తెలివి! తన మీద అనుమానం రాకుండా తనదీ కాస్త చెడగొట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నేనింకా ఎవరినీ ఏమీ అడగలేదే!

"జోళ్ళు తిండి దగ్గరికి తెస్తావా? మీ ఇంట్లో ఇదే నేర్పారా?" అని కసిరాను. వాడూ ఊరుకోలేదు. "మా ఇంటి సంగతెందుకక్కా, పొద్దున్నుంచీ చూస్తున్నా, నేను గాలి పీల్చినా తప్పే" అన్నాడు. మాటా మాటా పెరిగింది. పళ్ళాలు వదిలేసి అందరూ మా ఇద్దరి మొహాలే చూశారు.

సన్యాసమ్మ పెద్దమ్మ గరిటె పట్టుకుని మధ్యలోకి వచ్చింది. మా వంట ఆవిడదే, ఆకుకూరల తోటా ఆవిడదే. విజయనగరం అవతలి ఊరు. ఇక్కడికి వచ్చినవాళ్ళందరిలో పెద్దది. స్టేషన్ గుమ్మం దాటి ఒక్కసారీ బయటికి అడుగుపెట్టలేదు. నాకు జ్వరమొస్తే రెండు పూటలా జావ కాచి తెచ్చి తాగించేది ఆవిడే.

"ఏటే మీ ఇద్దరి గోల? నిన్నా ఇదే, మొన్నా ఇదే. ఏ పాడుగాలి తగిలిందే మీకు? తినండెహె ముందు!" అని నా పళ్ళెంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది. వాడి పళ్ళెంలోనూ వేసింది. అది మాత్రం నాకు నచ్చలేదు.

భూమి అష్టమి

దొంగని పట్టాలంటే వల వెయ్యాలి. పెద్దమ్మ దగ్గరికి పోయి కాలికి రాసుకోవాలని చెప్పి చిటికెడు పసుపు అడిగాను. పసుపు ఇక్కడ బంగారంతో సమానం. అయినా గుప్పెడు పెట్టింది.

గోతిలోంచి వచ్చి జోళ్ళు దీపం కింద బోర్లా పెట్టేటప్పుడు పట్టీల లోపలివైపు ఆ పసుపు అద్దాను. ఎవరు ముట్టుకున్నా వేళ్ళకి అంటుకోవాలి. తర్వాత బుద్ధిగా పోయి మంచం మీద పడుకున్నాను. లోవరాజుని ఎప్పట్లాగే ముందు వదిలేశారు. నా గుండె ఎంత కొట్టుకుంటోందో చూసి డాక్టరమ్మ ఇంకాసేపు ఉంచింది.

భోజనానికి పోయేసరికి అందరి చేతులూ పరిశీలించాను. ఫణీంద్ర గారివి శుభ్రం. బండి నడిపేవాళ్ళవి నల్లగా ఉన్నాయి. పెద్దమ్మవి పచ్చగా ఉన్నాయి, అవెప్పుడూ అంతే, పొద్దస్తమానం పోపు పెట్టే చేతులు. లోవరాజు కుడిచేతి వేళ్ళు చూశాను. కొనలు పచ్చగా ఉన్నాయి!

"చెయ్యేంటి అలా ఉంది?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

వాడు చూసుకున్నాడు. "ఏమో. గంట కొట్టాక అందరి జోళ్ళూ నేనే సర్దాను. నీ పట్టీలకేదో పచ్చగా ఉంది. ఏం పూశావక్కా?"

"గంట కొట్టాకా, కొట్టకముందా?"

"కొట్టాకే. కొట్టకముందు తిప్పకూడదు కదా, నువ్వే చెప్పావు."

అడగ్గానే తడుముకోకుండా చెప్పాడు. ముందే తయారు చేసి పెట్టుకున్న జవాబు కాకపోతే అంత నున్నగా వస్తుందా? నిజం చెప్పేవాడు కాస్తయినా తడబడతాడు.

భూమి నవమి

ఫణీంద్ర గారికి ఫిర్యాదు చేసేశాను. లోవరాజు నా పైజోళ్ళు చెడగొడుతున్నాడు, నా వేళ్ళు పోగొట్టి నా స్థానంలోకి రావాలని చూస్తున్నాడు అని ఉన్నదున్నట్టు చెప్పాను. వేలు సంగతి మాత్రం "కొంచెం చల్లగా ఉంటోంది" అన్నాను, అంతే.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు కళ్ళారా చూశావా, నూకరత్నం?"

"పసుపు చూశానండి."

"అతనేమంటాడు?"

"గంట కొట్టాక సర్దానంటాడు. దొంగ ఏమంటాడండీ, దొంగతనం చేశాననా?"

ఇది నిజమైతే చిన్న విషయం కాదని ఆయన అన్నారు. జోళ్ళు చెడగొట్టడమంటే ప్రాణం తీయబోవడమే, తేలితే వాణ్ణి చెడ్డపేరుతో కిందికి పంపుతారు, మళ్ళీ ఎక్కడా పని దొరకదు. రాకెట్టు వచ్చాక విచారిస్తామన్నారు. అందాకా గోతిలోకి దిగడానికి వేరే మనుషుల్లేరు, మీరిద్దరే దిగాలి, నీళ్ళ ట్యాంకు సగానికి పడిపోయింది అన్నారు.

నన్ను చంపబోయినవాడితో నేనే దిగాలి. బాగుంది న్యాయం! కబురు అప్పుడే లోవరాజు చెవిన పడింది. నడవాలో ఎదురుపడి ఆగాడు. నా వైపు చూశాడు. ఏదో అంటాడనుకుని నేనూ నోరు సిద్ధం చేసుకున్నాను. ఏమీ అనకుండా పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఇంకా అనుమానం వేసింది.

భూమి ద్వాదశి

డాక్టరమ్మ పడుకోమంది. అయినా మర్చిపోకముందే చెప్పాలి.

గోతి అడుగున ఉన్నాం. తట్ట నిండింది. తిరుగుదామని ఎడమకాలు ఎత్తబోయాను, ఎత్తానో లేదో తెలియలేదు. కాలు ఉన్నట్టే లేదు. చీలమండ కింద ఏమీ లేదు! వంగి చూద్దామంటే సూటు వంగనివ్వదు. భయం వేసింది. ఎప్పుడూ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నా, చచ్చేంత భయం వేసింది.

లోవరాజు దీపం నా కాలి మీదికి తిప్పాడు. "అక్కా, నీ ఎడమ జోడు నోరు తెరిచేసింది. సోలు సగం ఊడి వేలాడుతోంది."

"నాకు తెలుసు" అన్నాను. నాకేమీ తెలియదు.

"కూర్చో."

"ఎందుకు?"

"నాది తొడుగుతాను. నాది కొంచెమే విచ్చింది. పైకి పోయేదాకా ఆగుతుంది."

"నీ జోడు నాకెందుకు? అందులో ఏం పెట్టావో!"

"అందులో కాలు పెట్టుకుంటారక్కా, ఇంకేం పెడతారు!" అని అరిచాడు. వాడు నా మీద అరవడం అదే మొదటిసారి. నన్ను భుజం పట్టి తట్ట మీద కూలేసి, మోకాళ్ళ మీద కూర్చుని పట్టీలు విప్పాడు. నేను కాలు లాక్కోబోయాను. రాలేదు. నాది తీసి పక్కన పెట్టాడు, తన ఎడమది విప్పి నాకు తొడిగి బిగించాడు. నోరు తెరిచిన నా జోడుని మంచు తట్ట కట్టే తాడుతో తన కాలికి చుట్టుకున్నాడు. ఆ తాడు ఎంతసేపు ఆగుతుంది? ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

పైకి వచ్చే దారి అంతా వాడు ముందు, నేను వెనక. ఇందులో ఏదో మతలబు ఉందని అప్పుడు కూడా అనుకున్నాను. పైకి పోయి, ఈవిడ జోడు నా కాలికి తొడిగించింది అని నా మీద చెబుతాడేమో అనుకున్నాను. సిగ్గులేని బుద్ధి. మొదట్లో "ఎలా ఉంది అక్కా, వేళ్ళు కదులుతున్నాయా?" అని అడుగుతూ వచ్చాడు. సగం దారి దాటాక అడగడం మానేశాడు. కాలు ఈడుస్తూ నడిచాడు.

గుమ్మం గదిలోకి వచ్చాక వాడు తనంతట తాను బూటు విప్పలేకపోయాడు. డాక్టరమ్మే విప్పింది. ఆవిడ మొహం చూసి నేను గోడ వైపు తిరిగిపోయాను.

భూమి త్రయోదశి

నా వేళ్ళకి తిమ్మిరి తగ్గింది. చిటికెన వేలు ఎర్రగా వాచింది గానీ బతికింది. లోవరాజుకి ఎడమకాలి వేళ్ళు మూడు తీసెయ్యాలట. తెల్లగా మైనంలా ఉన్నాయి. వాడు మందు మత్తులో పడుకుని ఉన్నాడు.

వాణ్ణి చూసి వస్తూ గుమ్మం గది అద్దపు తలుపు ముందు ఆగాను. మా రెండు జతలూ ఎవరో శుభ్రం చేసి దీపం కింద బోర్లా పెట్టారు. దీపం వెలుగుతోంది. గదిలో సన్యాసమ్మ పెద్దమ్మ ఉంది. కూరల గంప గుమ్మం పక్కన దించి, ముందు లోవరాజు జోళ్ళు తీసి తిన్నగా నిలబెట్టింది. తర్వాత నావి తీసింది. పక్కపక్కనే పెట్టి, వంకర లేకుండా సర్ది, రెండు చేతులూ నడుముకి తుడుచుకుంది.

తలుపు తోసుకుని పోయాను. "పెద్దమ్మా! ఏం చేస్తున్నావు?"

"ఏటుందే, బోర్లా పడున్నాయి" అంది, నా వైపు తిరిగి. "జోళ్ళు బోర్లా పడుంటే ఆ కొంపలో కొట్లాటలు తప్పవు. మా అమ్మ కాలం నుంచీ ఉన్న మాటే కదా. తోటకి పోతూ పోతూ రోజూ చూస్తుంటాను, మీ ఇద్దరివీ ఇలాగే పడుంటాయి."

"అందరివీ అలాగే ఉంటాయి కదా!"

"మిగతావోళ్ళు కొట్టుకుంటన్నారేటి? మీరే కదా పిల్లీ ఎలకాను. నువ్వేమో ఆ పిల్లడిని చూస్తే నిప్పులు చెరుగుతావు. అందుకే మీవి రెండూ తిన్నగా పెట్టి పోతన్నాను. మీరు ఎంత ఎక్కువ కొట్టుకుంటే అంత మర్చిపోకుండా పెడతన్నాను. అయినా తగ్గరే!"

కోపం కాళ్ళ నుంచి నెత్తికెక్కింది. ఆ దీపం ఎందుకుందో తెలుసా నీకు, ఆ పిల్లడి వేళ్ళు ఏమయ్యాయో తెలుసా అని అరవబోయాను. ఆవిడ మొహంలోకి చూశాను. నేను వచ్చి వాడి గురించి మంచిగా ఒక్క మాట అంటానేమో అని ఎదురుచూస్తున్నట్టు చూస్తోంది. గంప ఎత్తి ఆవిడ చేతికిచ్చాను.

మేం కొట్టుకున్న ప్రతిరోజూ ఆవిడ తిప్పింది. ఆవిడ తిప్పిన ప్రతిరోజూ నా వేలు చల్లబడింది. వేలు చల్లబడిన ప్రతిరోజూ నేను వాడి మీద పడ్డాను. మొదలెట్టింది నేను, పెంచింది నేను. పెద్దమ్మ మీద కోపం తెచ్చుకునే ముఖం కూడా నాకు లేదు.

భూమి చతుర్దశి

లోవరాజుకి తెలివి వచ్చింది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. వాడు కప్పు వైపు చూస్తూ విన్నాడు. చివర్లో నవ్వాడు, కళ్ళ వెంట నీళ్ళు వస్తుంటే నవ్వాడు.

"మా అమ్మమ్మా అంతే. గుమ్మంలో బోర్లా పడ్డ చెప్పు కనిపిస్తే కాలితో తిప్పేదాకా ఇంట్లోకి వచ్చేది కాదు" అన్నాడు.

"పెద్దమ్మ పేరు చెబితే ఆవిడని కిందికి పంపేస్తారు" అన్నాను. "కింద ఆవిడకి ఎవరూ లేరు. ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్న ఒళ్ళు ఆ బరువు తట్టుకోదు."

"చెప్పకు."

"నీ మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"తీసుకుంటే నీ మీదికి వస్తుందక్కా. నా కాలికి ఉన్నది నీ జోడు. ముందు నా మీద చెప్పి, తర్వాత కాదన్నావంటే జనం ఏమనుకుంటారు?"

ఆ ఆలోచన నాకు రాలేదు. అందరినీ అనుమానించేదాన్ని, నన్ను ఎవరైనా అనుమానిస్తారని ఒక్కనాడూ అనుకోలేదు.

"అనుకోనీ" అన్నాను. తర్వాత అడగకుండా ఉండలేక అడిగాను. "ఆ రోజు నీ జోడు నాకెందుకు ఇచ్చావు? నేను నిన్ను అంతలేసి మాటలన్నదాన్ని."

"నీ మోకాలి సంగతి పెద్దమ్మ చెప్పింది. నాకు కాలు పోయినా కిందికి పోయి కుంటుతూ ఏదో ఒకటి చేసుకుంటాను. నువ్వు కిందికి పోతే నడవలేవు కదా" అన్నాడు. కట్టు కట్టిన కాలి వైపు చూసుకుని మళ్ళీ అన్నాడు. "పెద్దమ్మ మీద నాకు కోపం లేదక్కా. నా వేళ్ళు పోయింది ఆవిడ చేత్తోనే, కానీ ఆవిడ నా మంచి కోరింది. నువ్వు నన్ను ముట్టుకోలేదు. కానీ రోజూ నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూశావు. అది నేను మర్చిపోలేను. మర్చిపొమ్మని అడక్కు."

అడగలేదు. వాడికి నీళ్ళు తాగించి బయటికి వచ్చి నడవా గోడకి ఆనుకుని ఏడ్చాను. తర్వాత పోయి ఫణీంద్ర గారికి ఫిర్యాదు తప్పని చెప్పాను. జోళ్ళు ఎవరు తిప్పారని అడిగితే తెలియదన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆ చూపు నేను బాగా ఎరుగుదును, అది నాదే.

భూమి పున్నమి

పెద్దమ్మ దగ్గర వంటింట్లో కూర్చుని కూర తరిగాను. మాటల్లో మాటగా అన్నాను. "పెద్దమ్మా, ఇక్కడి ఆనవాయితీ వేరంట. దీపం కింద జోళ్ళు బోర్లా ఉంటేనే మంచిదంట. తిన్నగా పెడితేనే కొట్లాటలంట. ఇది భూమి కాదు కదా."

ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "ఎవరు చెప్పారే?"

"పాతవాళ్ళు అనుకునేవారు. నాకు ఇప్పుడు గుర్తొచ్చింది."

తరిగిన కూరంతా గిన్నెలోకి తోసింది. తర్వాత మెల్లగా అడిగింది. "రత్నమా, ఆ పిల్లడి కాలు నా వల్లేటి?"

"కాదు. రాయి గీసుకుంది."

"ఒట్టు?"

"ఒట్టు" అన్నాను. ఒట్టు గట్టున పెట్టాను.

ఇవాళ్టి నుంచి పెద్దమ్మ గుమ్మం గది మీదుగా తోటకి పోవడం లేదు. నడవా అంతా చుట్టి, గంప మోసుకుని, ఆయాసపడుతూ అటువైపు తలుపులోంచి పోతోంది. తెలిసిందో లేదో నేను అడగలేదు.

భూమి బహుళ పంచమి

రాకెట్టు వచ్చింది, పోయింది. లోవరాజు దాన్లో పోయాడు. ఎక్కేటప్పుడు పెద్దమ్మ కాళ్ళకి దండం పెట్టాడు, నాకు తల ఊపాడు. కొత్త జోళ్ళు వచ్చాయి. వాటితో పాటు నాకు కొత్త జోడీ వచ్చింది. కస్తూరి అని ఒక పిల్ల, పాతికేళ్ళుంటాయి. నాలుగు రోజుల్లోనే దానికి స్టేషనంతా కథ చెప్పేసింది. నూకరత్నం తన జోడీ కాలి వేళ్ళు తినేసిందట. పని పోతుందని భయపడి వాడి మీద చెప్పి, వాడు కుంటివాడయ్యాక లేదందట. నేనైనా ఆ కథే నమ్మేదాన్ని.

ఇవాళ ఇద్దరం మొదటిసారి గోతిలోకి దిగి వచ్చాం. దారంతా ఆ పిల్ల నా వెనకే నడిచింది, ఒక్కసారీ ముందుకు రాలేదు. గుమ్మం గదిలో నేను నా పైజోళ్ళు విప్పి దీపం కింద బోర్లా పెట్టాను. ఆ పిల్ల తనవి విప్పి చంకలో పెట్టుకుంది.

"అక్కడ పెట్టమ్మా" అన్నాను.

"నా జోళ్ళు నా దగ్గరే ఉంచుకుంటానండీ. ఏమీ అనుకోకండి."

"గదిలో పెడితే సోలు ఆరదమ్మా. లోపల తడి ఉండిపోతుంది. రేపు గోతిలో అది గడ్డకడుతుంది."

"గుడ్డతో తుడుచుకుంటాను" అంది. నా కళ్ళలోకి చూడలేదు. జోళ్ళని ఇంకా గట్టిగా పట్టుకుంది.

గుడ్డతో తుడిస్తే పొరల్లో తడి పోతుందా! ఎంత చెప్పినా నా మాట వింటుందా? విననే వినదు. వారం రోజుల్లో దాని వేలు మొద్దుబారుతుంది. అది ఎవరికీ చెప్పదు, నేను దాచినట్టే పక్కవేలి కింద దాచుకుంటుంది. మూడో వారానికి గోతి అడుగున ఎక్కడో సోలు నోరు తెరుస్తుంది. అప్పుడు పక్కన ఉండేది నేనే. నా జోడు ఇస్తానంటే తీసుకుంటుందా? అందులో ఏం పెట్టావు అంటుంది.

డాక్టరమ్మ గదిలోకి పోయి నా మంచం ఆ పిల్ల మంచానికి ఎదురుగా జరిపించాను. "డాక్టరమ్మా, ఇవాళ్టి నుంచి దీపం వెలుగుతున్నంతసేపూ నన్ను ఇక్కడే ఉంచండి. గంట మోగి ఈ పిల్ల లేచి పోయి తన జోళ్ళు తను తీసుకునేదాకా నన్ను వదలకండి. నా గుండె బాగున్నా వదలకండి" అన్నాను. డాక్టరమ్మకి అర్థమైంది. ఏమీ అడగకుండా తలుపుకి గడియ వేసింది.

"కస్తూరీ, నన్ను నమ్మొద్దు" అన్నాను. "నమ్మమని నేను చెప్పను. జోళ్ళు దీపం కింద పెట్టేసి రా. గంట మోగేదాకా నన్ను చూస్తూ కూర్చో. నేను కదిలితే కేక వెయ్యి."

ఆ పిల్ల నన్నూ గడియనీ మార్చి మార్చి చూసింది. డాక్టరమ్మ గడియ తీసింది. ఆ పిల్ల పోయి జోళ్ళు బోర్లా పెట్టి, పరుగున తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది. పడుకోలేదు. నేను వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ దానికి కనబడేలా దుప్పటి మీద పెట్టుకున్నాను. గంట మోగేదాకా ఆ పిల్ల నా మీద నుంచి చూపు తిప్పలేదు. నేనూ చేతులు కదపలేదు.